దుంకుడు బొమ్మ

ముందే చెబుతున్నాను, ఫోనులో ఆడే ఆటలంటే నాకు ఒళ్లు మంట. పనీపాటా లేనివాళ్ల యవ్వారం అనుకునేవాడిని. అలాంటి నా ఇంట్లోనే ఇద్దరు ఆటగత్తెలు తయారయ్యారు. ఒకతె నా బిడ్డ అరుణశ్రీ, సిరొంచ కాలేజీలో డిగ్రీ రెండో ఏడు. రెండో ఆమె నా భార్య భూదేవి. నలభై రెండేళ్లొచ్చిన మనిషి, నాట్లు వేసీ వేసీ నడుం పట్టేసిన మనిషి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన పీట వేసుకుని ఫోనులో బొమ్మను దుంకించేది.

మాది తెలుగు ఊరే అయినా ఉన్నది మరాఠీ రాష్ట్రంలో, రేగుంట నుంచి లోపలికి, వాగు అవతల. ఊళ్లో సిగ్నల్ ఉండదు. ఫోను మాట్లాడాలంటే మా వాడలో ట్రాక్టరున్న సాంబన్న మేడ ఎక్కాలి. అందుకని అందరి ఫోనుల్లో ఆడే పెద్ద పెద్ద ఆటలు మా ఇంట్లో ఆడవు. ఈ ఒక్కటి ఆడేది. ఎవరో పట్నం పిల్లవాడు ఒక్కడే కూర్చుని చేసి, ఊరికే తీసుకోండని పెట్టాడట. పైసా అడగదు, మధ్యలో సబ్బుల ప్రకటనలు రావు, నెట్ అక్కర్లేదు. అరుణ కాలేజీలో ఎక్కించుకుని వచ్చింది. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది, నాకు నోరు తిరగదు. నేను దుంకుడు బొమ్మ అనేవాడిని.

నా చిన్నప్పుడు కాళేశ్వరం జాతరలో ఒక డబ్బాలో ఇలాంటి ఆట చూశాను. ఇప్పుడు కొత్తగా చేసిన ఆటకు ఆ పాత గళ్లగళ్ల బొమ్మలు ఎందుకో నాకు అర్థం కాలేదు. నల్లటి తెర. చతురస్రం లాంటి ఒక బొమ్మ, రెండు చుక్కల కళ్లు, చేతిలో దీపం. ఎడమవైపు రెండు బాణాలు నొక్కితే నడుస్తుంది, కుడివైపు గుండ్రటి మీట నొక్కితే టుంగ్ అని దుంకుతుంది. కింద ముళ్లు, పైన మెట్లు, ఆ చివర తలుపు. మొత్తం పన్నెండు గదులు, అంతే ఆట. అరుణ పద్దెనిమిది నిమిషాల్లో ముగించేది. భూదేవి మాత్రం నాలుగో గదిలో పదిహేను రోజులుగా ఇరుక్కుని ఉంది. తల్లిని ఉడికించడానికి అరుణ కళ్లు మూసుకుని మొదటి గది దాటి చూపించేది. చప్పుడు వింటే చాలంటుంది. తల్లి వీపు మీద ఒక్కటి వేసేది. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. నాకు ఆ నవ్వు కూడా మంటే. నేను రాగానే ఆగిపోయేది కదా, అందుకు.

పోయిన శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. కాలేజీకి పోయే దారి లేక అరుణ ఇంట్లోనే ఉంది. మంచం నవారు తెగిందని ఆ మూడో రాత్రి కూడా చాప వేసుకుని నేల మీద పడుకుంది. తెగిన నవారు వారం నుంచి అల్లుతానంటున్నది నేనే. అది కూడా చెప్పుకోవాలి.

పొద్దున ఆరింటికి లేచి కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంది.

"బాపు, కడుపుల బాగ నొస్తాంది. గొంతు గూడ పట్టేసినట్టున్నది."

"రాత్రి మక్క కంకులు తిన్నవు గద, గ్యాస్ పట్టింది. జర వాము నమిలి నీళ్లు తాగు" అన్నాను.

వాము నమిలింది. తగ్గలేదు. ఎనిమిది అయ్యేసరికి పిల్ల రెప్పలు సగానికి దిగి ఉన్నాయి. నన్ను చూడాలంటే గదుమ పైకెత్తి చూస్తోంది. నాకు వెంటనే కోపం వచ్చింది. నాకు ముందు వచ్చేది ఎప్పుడూ కోపమే.

"ఎన్నింటిదాంక చూసినవే ఫోను? కండ్లు చూడు ఎట్లయినయో."

"చూడలే బాపు. తొమ్మిదింటికే పన్న."

"ఫోను నా తాన్నే ఉండె" అంది భూదేవి లోపలి నుంచి. "ఊకె దాని మీద పడకు. పిల్ల పరేషాన్ల ఉన్నది."

తల్లీబిడ్డలు ఒకరినొకరు కాచుకోవడం నాకు కొత్త కాదు. నమ్మలేదు. భూదేవి వచ్చి పిల్ల పక్కన కూర్చుని, నొప్పి మతికి రాకుండా ఉంటుందని ఫోను చేతికిచ్చింది. అరుణ తల వెనక్కి వాల్చి, ఫోను ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని ఆడింది. మొదటి గదిలోనే ముళ్ల మీద పడింది. మళ్లీ పడింది. మూడోసారీ పడింది.

"అమ్మా, రెండు బొమ్మలు కనిపిస్తున్నయి. ఏది దుంకియ్యాలె?"

నేను ఫోను లాక్కున్నాను. "ఇయ్యాల రెండు, రేపు నాలుగు కనిపిస్తయి. కండ్లు చెడగొట్టుకొని కూసో" అని దాన్ని అటక మీద పెట్టాను. నా బిడ్డకు రెండు బొమ్మలు కనిపిస్తున్నాయని విన్న తర్వాత నేను చేసిన పని అది.

భూదేవి లేచి నిలబడింది. ఆమె ముఖం తెల్లబోయింది.

"గాదయ్యా. కండ్లు మూసుకొని ఆడుతది ఇది. గీ గదిల నేనే పడను. ఇదేందో మంచిగ లేదు. రాత్రి కింద పన్నది, పురుగు గిట్ల ముట్టిందేమో చూడు."

మా దగ్గర పామును పేరు పెట్టి పిలవరు, పురుగు అంటారు. పిల్ల కాళ్లు, చేతులు, మెడ, వీపు అన్నీ చూశాం. చీమ కుట్టినంత గుర్తు కూడా లేదు. వాపు లేదు, నెత్తురు లేదు. అయినా సందేహం ఎందుకని వేపాకు తెచ్చాను. పురుగు ముట్టిన మనిషికి వేపాకు చేదు తెలియదని మా తాత దగ్గర నేర్చుకున్నాను, ఆయన వాళ్ల తాత దగ్గర. ఊళ్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. అరుణ నాలుగు ఆకులు నమిలింది, ముఖం వికారంగా పెట్టి ఉమ్మేసింది.

"చేదు" అంది.

"చూసినవా?" అన్నాను భూదేవితో, ఏదో గెలిచినట్టు. గొడుగు తీసుకుని పొలానికి పోయాను. మడి గట్టు తెగిందేమో చూడాలి కదా. గట్టు బాగానే ఉంది. అయినా తూము దగ్గర మట్టి ఎత్తుతూ గంటకు పైగా అక్కడే ఉన్నాను. ఆ గంట నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే. ఇంట్లో విషం నా బిడ్డ మెడలోకి, నాలుకలోకి, ఛాతీలోకి పాకుతుంటే నేను వరి మడికి నీళ్లు సరిచేస్తున్నాను.

ట్రాక్టరు చప్పుడుకి తలెత్తాను. సాంబన్న ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ట్రాలీలో పరుపు, పరుపు మీద అరుణ, పైన టార్పాలిన్ పట్టా పట్టుకుని భూదేవి. ఆమె నన్ను అడగలేదు. వేపాకును నమ్మలేదు. సాంబన్న మేడ ఎక్కి అంబులెన్సుకు తనే ఫోను చేసింది. వాగు కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి, బండి ఇవతలికి రాదు, మీరే అవతలికి తీసుకురండి అన్నారట.

"ఎక్కు" అంది నాతో. ఒక్క మాటే.

అరుణ తల నిలవడం లేదు. మెడ ఎటు వంచితే అటు వాలిపోతోంది. నన్ను చూసి ఏదో అంది, నోటి నిండా అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. బాపు అన్నదని నేను అనుకున్నాను. ఆమె తలను ఒళ్లో పెట్టుకున్నాను. కుడి చెయ్యి నా రెండు చేతుల్లో పట్టుకున్నాను.

పురుగు ముట్టినవాళ్లను నిద్రపోనివ్వకూడదంటారు. దారి పొడుగునా నేను చేసింది అదే. పిలిచాను, కదిపాను, చెంప మీద కొట్టాను. "పండుకోకు బిడ్డా, పండుకోకు" అని అరుస్తూనే ఉన్నాను. గుంతల్లో ట్రాలీ ఎగిరిపడుతోంది. సగం దారిలో రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి. నా వేళ్లతో తెరిచి చూశాను. లోపల కన్ను ఎటూ కదల్లేదు. నన్ను చూడలేదు. నిద్రపోయింది, ఇక అయిపోయింది అనుకున్నాను.

వాగు దగ్గర సాంబన్న ట్రాక్టరు ఆపాడు. కల్వర్టు కనబడటం లేదు. ఎర్రటి నీళ్లు దాని మీదుగా జారిపోతున్నాయి. అవతలి గట్టున తెల్లటి అంబులెన్సు, దాని పక్కన చేతులూపుతూ ఇద్దరు మనుషులు. సాంబన్న కిందికి దిగి ట్రాలీ దగ్గరకు వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద, ఎన్నో చావులు చూసినవాడు. అరుణ ముక్కు దగ్గర వేలు పెట్టాడు, గదుమ పట్టుకుని కదిపాడు.

"తమ్మీ" అన్నాడు మెల్లగా. "పిల్లకు జీవం ఉన్నట్టు లేదు. ఉన్నా గడియో అరగడియో."

నేనూ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వానకు తడిసిన చెయ్యి, గాలి తగిలిందో లేదో తెలియలేదు. నా తమ్ముడు గుర్తొచ్చాడు. ఇరవై ఏళ్ల కింద నదిలో పడి చనిపోయాడు. బయట పోయిన పీనుగను మా వాళ్లు ఊళ్లోకి రానివ్వరు. ఊరి బయట పట్టా కింద పడుకోబెట్టారు. మా అమ్మ వాడికి వాకిట్లో స్నానం చేయించలేకపోయానని చచ్చేదాకా ఏడ్చింది. నా బిడ్డను కూడా అలా పట్టా కింద చూడాలా? ఆ వాగు ఒడ్డున నాకు తోచింది అదొక్కటే. దవాఖాన కాదు, సూది కాదు. ఉన్న ఊపిరి ఇంట్లో పోవాలి.

"తిప్పు సాంబన్నా" అన్నాను. "ఇంటికి తోలు. పానం ఉండంగనే ఇంట్ల పండవెడ్త."

సాంబన్న పోయి సీటు ఎక్కాడు. నేను అరుణ చెయ్యి పట్టుకుని గుండెలకు అదుముకుని ఏడ్చాను.

భూదేవి ఏడవలేదు. "నేను నమ్మ" అంది. చీర కుచ్చిళ్లలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఫోను. అటక మీద పెట్టినదాన్ని ఎప్పుడు దించిందో. తెర తుడిచి ఆట తెరిచింది. నా చేతుల్లోంచి పిల్ల చెయ్యి లాక్కుని, ఫోనును ఆ అరచేతిలో పెట్టి, బొటనవేలిని గుండ్రటి మీట మీద ఆనించింది. నాకు పిచ్చి లేచింది. బిడ్డ పోతుంటే ఆట ఏంటే అని చెయ్యెత్తాను కూడా.

"అరుణా. నేనే, అమ్మను. మొదటి గదే బిడ్డా. వినవడితే దుంకు."

ట్రాక్టరు వెనక్కి తిరగడానికి గురగురమంటోంది. ఏమీ లేదు. నల్లటి తెర మీద బొమ్మ దీపం పట్టుకుని నిలబడి ఉంది.

టుంగ్.

"వాన చుక్క పడ్డదే" అన్నాను. నిజంగానే తెర మీద చుక్క ఉంది. ఆశ పెట్టుకోవడానికి కూడా నాకు భయమేసింది.

భూదేవి తెర తుడిచి కొంగు గొడుగులా పట్టింది. "ఇప్పుడు రెండుసార్లు దుంకు."

చాలాసేపు పట్టింది. టుంగ్. బొటనవేలు గోరు మెదిలింది, చూశాను, నా కళ్లతో చూశాను. టుంగ్.

"మూడు."

టుంగ్. టుంగ్. టుంగ్.

నేను ఎలా అరిచానో తెలియదు. సాంబన్న తర్వాత చెప్పాడు, నా మీదే పిడుగు పడిందనుకున్నాడట. ట్రాలీలోంచి దూకి ట్రాక్టరు ముందుకు పరుగెత్తాను. "తోలు! వాగుల తోలు! నా ఎనుకనే రా!"

"తమ్మీ, కల్వర్టు అంచు కనవడ్తలేదు. చక్రం జారితే అందరం పోతం."

"అంచు నేను చూపిస్త."

నీళ్లలోకి దిగాను. మోకాళ్ల దాకా వచ్చాయి, తర్వాత తొడల దాకా. కుడి పాదంతో సిమెంటు అంచు తడుముతూ, ఒక్కో అడుగు వేస్తూ, చేత్తో ఇటు, ఇటు అని చూపిస్తూ నడిచాను. వెనకాల ట్రాక్టరు నా వీపు మీదికి వస్తున్నంత దగ్గరగా. నీళ్ల హోరులో ఆట చప్పుడు వినబడదు. భూదేవే కేకలు వేస్తోంది.

"ఉన్నది!"

అడుగు వేశాను.

"ఉన్నది!"

ఆ కేక లేకపోతే నా కాళ్లు కదిలేవి కావు. దేవుళ్లందరికీ మొక్కాను. ఆ ఆట చేసిన పిల్లవాడికి కూడా మొక్కాను, పేరు తెలియకపోయినా. సగం దాటాక కేక ఆగిపోయింది. ఇంకో అడుగు, ఇంకో అడుగు. కేక రాలేదు. తిరిగి చూశాను.

"ఏలు కదుల్తలేదు" అంది భూదేవి. అప్పుడు ఏడ్చింది.

ఆగలేదు. ఆగితే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేక ఆగలేదు.

అవతలి గట్టున అంబులెన్సులో ఉన్న డాక్టరమ్మ పేరు నేహ. పాతికేళ్లు ఉంటాయేమో. అరుణను చూసిన క్షణంలోనే ముఖానికి రబ్బరు తొడుగు పెట్టి, దానికున్న సంచీ నొక్కడం మొదలుపెట్టింది. పిల్ల ఛాతీ పైకి లేచింది. "మణ్యార్" అంది తోటి మనిషితో మరాఠీలో. మేము కట్లపాము అంటాం. దాని కాటు గుర్తు కనబడదట, నొప్పి తెలియదట. చేదూ తీపీ అన్నీ తెలుస్తూనే ఉంటాయట. ఒళ్లు మాత్రం పై నుంచి కిందికి ఒక్కొక్కటిగా కదలడం మానేస్తుందట, చివరికి ఊపిరి కూడా. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే అని ఆమె అంటుండగానే నేను తల తిప్పుకున్నాను.

ఆమె సూదులు సిద్ధం చేసుకోవాలి, అందుకని సంచీ నా చేతికిచ్చింది. "దాబా" అంది, నొక్కమని. "సోడా" అంది, వదలమని. దాబా, సోడా, దాబా, సోడా. సిరొంచ దాకా నా బిడ్డ ఊపిరి నా చేతులతో తీశాను. ఆగితే చచ్చిపోతుంది. అంతే లెక్క.

"ఊకె ఉండకండి, ఆమెతో మాట్లాడండి" అంది డాక్టరమ్మ హిందీలో. నేను వెర్రివాడిలా చూశాను. ఈ విషానికి మతి పోదు, చెవులు పోవు అని చెప్పింది. పొద్దుటి నుంచి మీరు మాట్లాడిన ప్రతి మాట ఆమె విన్నది, ఇప్పుడూ వింటోంది అని చెప్పింది.

నా చేతులు ఆగిపోయాయి. "దాబా!" అని అరిచింది. నొక్కాను.

పండుకోకు అని అరుస్తూ చెంప మీద కొట్టినప్పుడు వింటోంది. పిల్లకు జీవం లేదని సాంబన్న అన్నప్పుడు వింటోంది. తిప్పు అన్నప్పుడూ వింటోంది. అవతల అంబులెన్సు ఉందని కూడా విన్నది. కన్నతండ్రి ఇంటికి తోలమంటుంటే, కాదనడానికి నాలుక లేక, కన్ను తెరవడానికి రెప్ప లేక, ఆ చీకట్లో ఒక్కతే పడి ఉంది. నేనేం మాట్లాడాలి? సిరొంచ దాకా అరుణా, అరుణా అని పేరు పిలుస్తూనే ఉన్నాను.

సిరొంచలో సూదులు వేశారు, అక్కడి నుంచి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అయిదు రోజులు యంత్రం ఆమెకు ఊపిరి పోసింది. మూడో రోజు కనుబొమ్మ కదిలింది. ఆరో రోజు గొట్టం తీశారు. పదహారో రోజు ఇంటికి తెచ్చుకున్నాం, ట్రాలీలో కాదు, జీపులో.

ఇంట్లో ఆ రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మంచం నవారు అల్లాను, ఇంకో రెండు మంచాలు కూడా కొన్నాను. భూదేవి నాతో మామూలుగానే మాట్లాడింది, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. అరుణ బాపు, నీళ్లు అనేది, బాపు, వాన ఎలిసింది అనేది. ఆమె బాపు అన్నప్పుడల్లా నా తల వంగిపోయేది. నెల రోజులు అలా తట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం భూదేవి పొలానికి పోయింది. అరుణ అరుగు మీద కూర్చుని ఎండకు కాళ్లు చాపుకుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. తిట్టడానికి నాకెప్పుడూ మాటలు తడుముకోవలసిన అవసరం రాలేదు. ఆ రోజు ఒక్క మాట చెప్పడానికి చెమటలు పట్టాయి.

"బిడ్డా, వాగు కాడ తిప్పుమన్నది నేనే."

"విన్న బాపు."

"నువ్వు పోయినవనుకున్న. ఇంట్ల పండవెడ్దామనుకున్న. మీ అమ్మ లేకుంటే..."

అరుణ చాపిన కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. కోపం లేదు ఆమె ముఖంలో. ఉంటే బాగుండేది.

"అమ్మ ఫోను పెట్టకముందు నుంచే నేను దుంకుతున్న బాపు" అంది. "నువ్వు తిప్పుమన్నప్పుడు గూడ బొటనేలు కదిపిన, ఎన్నిసార్లు కదిపిన్నో లెక్కలేదు. అప్పుడు నా చెయ్యి నీ చేతులల్లనే ఉండె."